ఇసుకకు దారి విడిచిన కాటన్ దొర

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక మహనీయుని జీవితం వేయడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు పూలే గారి గురించి, జాషువా గారి గురించి మన సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి నన్ను రాయమన్నప్పుడు సర్ ఆర్థర్ కాటన్ పేరు చెప్పాను. ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. గోదావరి జిల్లాల వాళ్లు పూజించే దొరతో విశాఖపట్నం వాళ్లకు పనేమిటని అడిగారు. పని ఉంది. గోదావరికి వెళ్లకముందు ఆయన మన విశాఖ ఒడ్డునే సముద్రపు కోతతో తలపడ్డాడు. ఈ వ్యాసం రాయడానికి ఇంకో కారణం మా తాత. ఆ సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ ఇంట్లో పదకొండు మంది మగపిల్లలు, వారిలో ఈయన పదోవాడు. పదిహేనేళ్ల వయసులో ఈస్టిండియా కంపెనీ వారి అడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరాడు. 1819లో ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. కొద్దికాలం వేల్స్ ప్రాంతంలో సర్వే పని నేర్చుకుని 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మనలో చాలామంది ఇంటర్ పూర్తి చేసి డిగ్రీ సీటు కోసం తిరిగే వయసన్నమాట.

మొదటి బర్మా యుద్ధానికి వెళ్లి రావడం వంటి విషయాలు పక్కన పెడితే, తొలి ఏళ్లలో ఆయనకు అప్పగించిన పనులు రెండు. ఒకటి రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధి సర్వే. ఇసుక దిబ్బల మధ్య ఓడకు దారి ఎక్కడ దొరుకుతుందో చూడటం. రెండోది దక్షిణ జిల్లాల చెరువుల పర్యవేక్షణ. ఈ రెండో పనిని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఆయన అసలు చదువు అక్కడే జరిగిందనిపిస్తుంది. చెరువు అంటే నీరు మాత్రమే కాదు కదా. వాన పడ్డ ప్రతిసారీ మెట్ట మీద మట్టి కోసుకుని గెడ్డలో పడి చెరువులోకి వస్తుంది. నీటి వేగం తగ్గిన చోట అడుగుకు దిగిపోతుంది. ఏటా ఆ పూడిక తీయకపోతే చెరువు లోతు తగ్గి, వచ్చిన నీరు గట్టు మీదికి ఎక్కుతుంది. గట్టు తెగేది అప్పుడే. తమిళ దేశంలో ఈ పూడిక తీసే పని, గట్టు కాపాడే పని ఊరివాళ్లే కలిసి చేసుకునేవారు. దానిని కుడిమరామత్తు అనేవారు. కంపెనీ పాలనలో పన్ను మీద ఉన్న శ్రద్ధ ఆ ఏర్పాటు మీద లేక అది చాలాచోట్ల దెబ్బతింది. కాటన్ చెరువుల శాఖలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

మా తాత మా ఊరి చెరువు మదుము దగ్గర నీరు వదిలే పని చేసేవాడు. చదువు లేదు. కోతలప్పుడు రైతులు కళ్లాల దగ్గర కొలిచి ఇచ్చే కుంచాల ధాన్యమే జీతం. ఎర్రనీరు వచ్చిన రాత్రి గొంగడి కప్పుకుని గట్టు మీదే కూర్చునేవాడని నాన్న చెబుతాడు. చిన్నప్పుడు నాకు అది కాపలా ఉద్యోగంలాగే కనిపించేది. ఎమ్మెస్సీలో భూగర్భశాస్త్రం చదివాక గానీ తాత కాపలా కాసింది నీటికి మాత్రమే కాదు, మట్టికి కూడా అని అర్థం కాలేదు.

ఇక కావేరి. 1828లో కాటన్‌కు కెప్టెన్ హోదా వచ్చింది, కావేరి పరిశీలన అప్పజెప్పారు. శ్రీరంగం పైన కావేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, రెండోది కొల్లడం. కొల్లడం పల్లంగా పోతుంది కనుక నీరు అటే మళ్లింది. కావేరి పాయలో నీరు మందగించి ఏటేటా ఇసుక మేట వేసింది. తంజావూరు పొలాలకు నీరు అందడం లేదు. చోళరాజు కరికాలుడు కట్టించాడని చెప్పే కల్లణై అక్కడే ఉంది. వందల ఏళ్లుగా లోతు తెలియని ఇసుక మీద ఆ రాతికట్ట నిలిచే ఉంది. కాటన్ దానిని ఎగతాళి చేయలేదు, చదివాడు. ఇసుక మీద పునాది ఎలా నిలబెట్టాలో మన దేశపు పాత మేస్త్రీల దగ్గరే నేర్చుకున్నామని తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు కూడా. తెల్ల అధికారులు అంత తేలిగ్గా ఒప్పుకునే మాట కాదది.

కల్లణైలో లేనిది ఇసుకకు దారి. 1830 ప్రాంతంలో ఆ కట్టలో అడుగు తూములు పెట్టించాడు. వరదల్లో వాటిని ఎత్తితే, కట్ట వెనక పేరుకున్న ఇసుకను నీరే ఈడ్చుకుపోతుంది. 1836లో కొల్లడం మీద ఎగువ ఆనకట్ట కట్టి, దానికీ ఇసుక తూములు పెట్టాడు. నీరు కావేరిలోకి తిరిగింది. అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. ఈసారి కావేరిలోకి నీటి ఉరవడి ఎక్కువైపోయి పాయ మొదట్లో అడుగు కోసుకుపోవడం మొదలైంది. ఒకచోట పూడిక ఆపితే ఇంకోచోట కోత. చివరికి 1840లలో కావేరి పాయకు కూడా అడుగున ఒక కట్ట వేసి లోతు సరిచేయాల్సి వచ్చింది. కాటన్ జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది. ఆయన విగ్రహాల దగ్గర మాట్లాడే వక్తలు దీనిని ఎందుకు వదిలేస్తారో తెలియదు.

మధ్యలో ఆరోగ్యం పాడైంది. గాలి మార్పు కోసం టాస్మేనియా వెళ్లాడు. 1841లో అక్కడే ఎలిజబెత్ లియర్మంత్‌ను పెళ్లి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక, 1840ల తొలి ఏళ్లలో విశాఖపట్నంలో పని అప్పగించారు. చర్చి కట్టించడం ఒకటి, ఊరిని కొరుకుతున్న సముద్రాన్ని ఆపడం ఇంకొకటి.

అప్పటి విశాఖపట్నం అంటే ఇప్పటి వన్‌టౌన్. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఉత్తరాన, ఉప్పుటేరు నోటి పక్కన, ఇసుక మీద కూర్చున్న చిన్న ఊరు. ఉక్కు ఫ్యాక్టరీ లేదు, రేవు లేదు, రైలు కూడా లేదు. ఈ ఒడ్డు స్వభావం మనలో బీచ్‌కు వెళ్లే ప్రతి ఒక్కరూ చూసే ఉంటారు గానీ గమనించి ఉండరు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును సూటిగా కాకుండా ఏటవాలుగా కొడతాయి. వాటితో పాటు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంబడే నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాలప్పుడు కొంత వెనక్కి వస్తుంది గానీ, లెక్క మొత్తం మీద ఉత్తరం వైపే మొగ్గుతుంది. ఎంత ఇసుక వచ్చిందో అంత పోతే ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది. రాక తగ్గితే సముద్రం ముందుకొస్తుంది.

కాటన్ ఒడ్డు నుంచి సముద్రంలోకి అడ్డంగా రాతి కట్టలు వేయించాడు. ఇంజనీర్లు వీటిని గ్రోయిన్లు అంటారు. అలను ఎదిరించే గోడలు కావవి. నడిచిపోయే ఇసుకను కాసేపు ఆపి, ఊరి ముందు పరుపులా పేర్చే కట్టలు. నదిలో ఇసుకను పంపించేయడానికి తూము పెట్టిన మనిషి, సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఇసుకను నిలబెట్టడానికి కట్ట వేశాడు. రెండూ తెలియాలంటే ముందు ఇసుక ఎటు పోతోందో చూడాలి. గ్రోయిన్‌తో చిక్కు కూడా ఉంది. దక్షిణం పక్క ఇసుక చేరితే, ఉత్తరం పక్క ఆకలితో కోతకు గురవుతుంది. అందుకని కట్ట వేసి వెళ్లిపోతే చాలదు, ఏటా ఒడ్డు చూసే మనిషి కావాలి.

కాటన్ పోయిన ముప్పై నాలుగేళ్లకు ఇదే ఒడ్డున రేవు కట్టినప్పుడు మళ్లీ ఇదే ఇసుక ఎదురొచ్చింది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక రేవు నోటిలో పడి పూడ్చేస్తుంటే, జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కొండ పక్కన సముద్రంలో ముంచి, రాళ్లతో నింపి, దీవిలాంటి కట్ట తయారుచేశారు. దాని చాటున పడిన ఇసుకను డ్రెడ్జర్లతో తీసే ఏర్పాటు చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రేవులోకి వచ్చింది. 1976లో బయటి హార్బరు వచ్చాక ఆ అడ్డుకట్టలు ఇంకా పెద్దవయ్యాయి. దక్షిణాన ఆగిపోయిన ఇసుకను తీసి ఉత్తరాన బీచ్‌కు పోయడం అప్పటి నుంచి మన నగరం తప్పించుకోలేని పని. ఆ ఇసుక తగ్గిన ఏడాది బీచ్ చిక్కిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఆర్కే బీచ్‌లో ఎంత ఇసుక కోసుకుపోయిందో అప్పుడు ఇక్కడున్న మన సీనియర్లకు గుర్తుండే ఉంటుంది.

విశాఖ నుంచి కాటన్ గోదావరికి వెళ్లాడు. అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి చెప్పడానికి ఒక లెక్క చాలు. 1821లో 7 లక్షల 38 వేల జనాభా ఉన్న జిల్లాలో 1841 నాటికి మిగిలింది 5 లక్షల 61 వేలు. కరువులు, తుఫాన్లు, వలసలు. నిండుగా పారే నది పక్కనే జనం తిండిలేక చచ్చిపోయారు. 1844లో కాటన్ ఆనకట్ట కట్టమని నివేదిక ఇచ్చాడు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. అడిగినంత మంది ఇంజనీర్లను, అడిగినంత డబ్బును ప్రభుత్వం ఇవ్వలేదు. 1848లో ఆయన ఆరోగ్యం మళ్లీ దెబ్బతిని ఆస్ట్రేలియా వెళ్తే, కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. 1850లో కాటన్ తిరిగొచ్చాడు, 1852లో ఆనకట్ట పూర్తయింది. స్థానికంగా వీణెం వీరన్న అనే మన తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజంగా పనిచేశాడు.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నది లంకల మధ్య నాలుగు పాయలుగా ఉంటే నాలుగు ముక్కలుగా కట్ట వేశారు. రాతికట్టడం మొత్తం కలిపి దాదాపు 12 వేల అడుగులు. కింద రాయి తగలదు, ఇసుకే. బావుల్లా దింపిన పునాదులు, వాటి మీద కట్టడం, దిగువన వరద తవ్వేయకుండా పెద్ద పెద్ద రాళ్ల పరుపు. కావేరిలో నేర్చుకున్న పాఠమంతా ఇక్కడ పెట్టాడు. కాలువ మొదట్లో హెడ్ స్లూయిస్, దాని పక్కనే ఇసుక తూములు. అక్కడే ఎందుకంటే, కాలువలోకి నీరు తిరిగే చోట వేగం తగ్గుతుంది, ఇసుక అక్కడే కూర్చుంటుంది, కాసేపటికి కాలువలోకి కూడా దూరుతుంది. పక్కనున్న తూము ఎత్తితే నది ఆ మూల నుంచి ఉరుకుతూ ఇసుకను దిగువకు లాక్కెళుతుంది. ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు దించాలి అన్నది రాతికట్టడంలో ఉండదు. అది అక్కడ కూర్చునే మనిషిలో ఉండాలి. డెల్టాలో ఆ పనివాళ్లను లస్కర్లు అంటారు.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడాలి. కాటన్ దొరను కోనసీమలో అపర భగీరథుడు అంటారు, ఫొటోకు దండ వేస్తారు. ఆ కృతజ్ఞత నిజమైనది, దానిని నేను తక్కువ చేయను. కానీ ఆయన కంపెనీ ఉద్యోగి. ఆనకట్ట మీద పెట్టిన ప్రతి రూపాయికి సర్కారుకు శిస్తు ఎంత పెరుగుతుందో లెక్కగట్టి చూపించే ఆ డబ్బు తెచ్చాడు. రాళ్లు కొట్టింది, తట్టలు మోసింది వేలమంది కూలీలు. వీరన్న పేరు నిలిచింది, వాళ్లలో ఇంకెవరి పేరూ నిలవలేదు. వాళ్లు మోసిన మట్టి మీద పారిన నీరు ఎవరి భూముల్లోకి పోయిందో, ఆ భూముల్లో పాలేర్లుగా ఎవరు మిగిలారో ఈ హాస్టల్లో చదువుకున్న మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. చెరువు గట్టు గానీ ఏటి గట్టు గానీ తెగబోతుంటే ఊళ్లో కూలినాలి చేసుకునేవాళ్లను బలవంతంగా పనికి పిలిచే అధికారం ఇస్తూ 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. ఒకప్పుడు ఊరు తనంతట తాను చేసుకున్న పనిని, తర్వాత చట్టంతో పిలిచి చేయించాల్సి వచ్చింది. మా ఊరి సంగతికి వస్తే, పిలవడానికి కూడా ఎవరూ మిగల్లేదు. తాత పోయాక మదుము దగ్గర ఎవరినీ పెట్టలేదు. ధాన్యం కొలిచే అలవాటు అంతకుముందే పోయింది. పూడిక తీశామని కాగితాల మీద ఉంది, చెరువులో పూడిక అలాగే ఉంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక తుఫాను రాత్రి మదుము తలుపు ఇసుకలో కూరుకుపోయి లేవలేదు. గట్టు తెగింది. మేము కౌలుకు చేస్తున్న అరెకరం మీద మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ ఇసుక తీయించడానికి అయ్యే ఖర్చు పంట విలువ కంటే ఎక్కువని నాన్న ఆ పొలం వదిలేశాడు. అమ్మానాన్న గాజువాక వైపు భవనాల పనికి వచ్చారు, నేను ఈ హాస్టల్‌కు వచ్చాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. దానికి ఆ ఇసుకే కారణమని ఒక్కోసారి నవ్వుకుంటాను గానీ, నాన్న ముందు ఆ మాట అనను.

కాటన్ 1860లో పదవీ విరమణ చేశాడు. మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండు వెళ్లాక కూడా ఊరుకోలేదు. రైళ్ల మీద కాకుండా కాలువల మీద ఖర్చు పెట్టమని, నీరూ పారుతుంది పడవా నడుస్తుందని ఏళ్ల తరబడి వాదించాడు. ఆ వాదన చాలావరకు ఓడిపోయింది. ఆయన తలపెట్టిన కొన్ని పథకాలు లాభసాటిగా నడవలేదు కూడా. కర్నూలు–కడప కాలువను కట్టిన కంపెనీ నష్టపోయి చివరికి దానిని ప్రభుత్వానికి వదిలేసింది. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి తన పనులను సమర్థించుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు.

చివరి ఏళ్లు డార్కింగ్ అనే ఊళ్లో గడిచాయి. అక్కడ తోటలో ఒక చిన్న ముక్క నేల తీసుకుని, మామూలుగా నాగలి వెళ్లే లోతు కంటే బాగా కిందికి తవ్వించి, గుల్ల చేసిన మట్టిలో గోధుమ పండించి చూశాడు. గట్టిపడిన నేలలో నీరు ఇంకదు, వేరు దిగదు అన్నది ఆయన పట్టుదల. కావేరిలో, గోదావరిలో మట్టి కొట్టుకుపోవడం చూసిన మనిషి, ముసలితనంలో ఆ మట్టి చేలో ఉన్నప్పుడు ఎలా ఉండాలో చూడటానికి దిగాడు. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు.

ఆయన కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 1970లో పని మొదలుపెట్టి 1982 నాటికి 175 గేట్లతో కొత్త బ్యారేజి కట్టారు. దానికి ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు గోదావరి మీద ఎగువన చాలా జలాశయాలు ఉన్నాయి. నది మోసుకొచ్చే ఒండ్రులో చాలా భాగం అక్కడే ఆగిపోతోంది. ఒండ్రు చేరని డెల్టా అంచు సముద్రం చేతిలో కరుగుతోంది. కాకినాడ పక్కన ఉప్పాడ ఒడ్డు కోసుకుపోవడానికి ఇంకా కారణాలు ఉన్నాయి గానీ, ఇసుక అందకపోవడం వాటిలో ముఖ్యమైనది.

పోయిన ఏడాది మా క్లాసు వాళ్లం ధవళేశ్వరం వెళ్లాం. కాటన్ మ్యూజియం చూశాక మిగతావాళ్లు ఫొటోలు దిగుతుంటే నేను కాలువ మొదటికి నడిచాను. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన తూము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వరద వచ్చినప్పుడు ముందుగా ఏం చూస్తావు బాబాయ్ అని అడిగాను. గేజి బోర్డు మీద అంకె చెబుతాడనుకున్నాను. ఆయన వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని, కాసేపు కదలకుండా పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి నీరు జారిపోయాక అరచేతిలో మిగిలిన ఇసుకను చూపించాడు. మా తాత కూడా గట్టు మీద అలాగే చూసేవాడని నాన్న చెప్పేవాడు. నేను నా చేయి చాపితే, ఆ ఇసుక నా అరచేతిలో వేశాడు.